ప్రళయ జోస్యాలు తప్పాయని పోస్టు పెట్టాలా?

ప్రశ్న: ఫలానా తేదీన ప్రళయం వస్తుందంటూ మా పెద్దమ్మ ఫ్యామిలీ గ్రూపులో వీడియోలు పెడుతోంది. పిల్లలు భయపడుతున్నారు. ఇలాంటి జోస్యాలు ఎన్నిసార్లు తప్పాయో ఫేస్‌బుక్‌లో రాయవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తప్పకుండా రాయండి. కానీ ముందు పెద్దమ్మకు ఫోన్ చేసి, ఆమెను అంతగా భయపెడుతున్నదేమిటో వినండి. నలుగురిలో తప్పుపడితే ఎవరైనా తమ మాటనే మరింత గట్టిగా పట్టుకుంటారు. పోస్టులో ఆమె ప్రస్తావనే రానివ్వకండి. ఆ వీడియోను జత చేయకండి, చేస్తే దాన్ని మీరే మరికొందరికి చేరవేసినట్టవుతుంది.

జరిగినవే రాయండి. 1962 ఫిబ్రవరిలో ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో చేరే అష్టగ్రహ కూటమి ప్రళయం తెస్తుందంటే దేశమంతా వణికింది, ఊరూరా హోమాలు చేశారు. ఏ ప్రళయమూ రాలేదు. 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని మన పల్లెలు హడలిపోయాయి. జులై 11న దాని శకలాలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. ఎవరికీ గాయాలు కాలేదు.

అమెరికాలో రేడియో మతబోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ ఉదంతం మరీ ముఖ్యం. ప్రళయ దినం 2011 మే 21 అన్నాడు. అది తప్పాక అక్టోబరు 21కి మార్చాడు. 2012లో పొరపాటు ఒప్పుకున్నాడు. ఈలోగా ఆయన్ను నమ్మిన కొందరు దాచుకున్న సొమ్మంతా ప్రచారానికి ధారపోశారు.

అందుకే వెక్కిరింపు వద్దు. ‘ఈ భయంతో పొలం అమ్మకండి, మందులు మానకండి, పిల్లల చదువు ఆపకండి’ అని స్పష్టంగా రాయండి. మీ పోస్టు వల్ల జరిగే అసలు మేలు అదే.