అయిదు రోజుల సెలవులో స్కీయింగ్: గుల్మార్గా, ఔలీయా?

ప్రశ్న: మా అబ్బాయి మనాలి దగ్గర స్కీయింగ్ నేర్చుకున్నాడు. ఓ మోస్తరు వాలుల్లో బాగానే దిగుతాడు. నాకు లంబసింగి చలి తప్ప మంచు తెలియదు. ఫిబ్రవరిలో ప్రయాణంతో కలిపి అయిదు రోజులే సెలవు. గుల్మార్గ్, ఔలీ, సోలాంగ్‌లలో ఏది మేలు?
– ఒక పాఠకుడు, బలిఘట్టం (నర్సీపట్నం)

జవాబు: గుల్మార్గ్‌కే వెళ్లండి. సెలవు తక్కువైనప్పుడు ముందు చూడాల్సింది దారి ఖర్చు కాదు, దారిలో పోయే సమయం. విశాఖలో విమానమెక్కి ఢిల్లీ మీదుగా శ్రీనగర్ చేరితే, అక్కడి నుంచి గుల్మార్గ్ 50 కిలోమీటర్ల పైచిలుకు. ఔలీకైతే డెహ్రాడూన్ నుంచి ఘాట్ రోడ్డు మీదే ఒక పగలంతా పోతుంది. పైగా జోషీమఠ్‌లో నేల కుంగడంతో 2023 జనవరిలో అక్కడి నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వే ఆపేశారు. సోలాంగ్ కొత్తవారికి సరే, మీవాడికి ఒక్కపూటలో మొహం మొత్తుతుంది.

గుల్మార్గ్ గొండోలాకు (కేబుల్ కారుకు) రెండు దశలు. మొదటిది సుమారు 3,080 మీటర్ల ఎత్తున కొంగ్‌డోరి చేరుస్తుంది. మీ అబ్బాయికి తగిన చోటు అదే. రెండోది అఫర్వాట్ మీదికి, 3,900 మీటర్లు దాటి వెళ్తుంది. అక్కడ మంచును చదును చేయరు, మంచు చరియలు విరిగిపడే ముప్పూ ఉంది. స్థానిక గైడ్ లేకుండా పంపకండి. మీరు కింది మైదానంలో శిక్షకుడి దగ్గర మొదలుపెట్టండి. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. గాలి ఎక్కువైతే గొండోలా ఆపేస్తారు కాబట్టి ఒక రోజు చేతిలో ఉంచుకోండి.

అద్దె బూట్లు తొడిగి మోకాళ్లు ముందుకు వంచి చూడండి. మడమ లేస్తే చిన్న సైజు అడగండి. మేజోళ్లు రెండు జతలు వద్దు, పలుచని ఉన్నివి ఒక జత చాలు.