పీహెచ్‌డీలో చేరుతున్నారా? ముందు నోట్‌బుక్ తెరవండి

పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌లో ‘రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్’ అనే పేపర్ ఉంటుంది. రెండు క్రెడిట్లు, 30 గంటలు. యూజీసీ 2019 డిసెంబరులో దీన్ని తప్పనిసరి చేసింది. పాసైతే చాలులే అనుకుని పరీక్షకు ముందు రోజు నోట్స్ తిరగేసే స్కాలర్లే ఎక్కువ. అది పెద్ద పొరపాటు. మీ ఫలితాలను లోకం ఎందుకు నమ్మాలో చెప్పే పేపర్ ఇదొక్కటే.

యాన్ హెండ్రిక్ షోన్ ఉదంతం ప్రతి స్కాలరూ తెలుసుకోవాలి. ఆయన అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జర్మన్ భౌతిక శాస్త్రవేత్త. ముప్పై ఏళ్ల వయసుకే నేచర్, సైన్స్ పత్రికల్లో వరుసగా పేపర్లు వేశాడు. 2002లో తోటి శాస్త్రవేత్తలు ఆయన గ్రాఫ్‌లు రెండు పక్కపక్కన పెట్టి చూశారు. ప్రయోగాలు వేరు, ఉష్ణోగ్రతలు వేరు. గీత మీద కనిపించే సన్నటి వణుకులు మాత్రం అచ్చుగుద్దినట్టు ఒకటే! ల్యాబ్‌లో నాయిస్ అని పిలిచే ఆ వణుకు యాదృచ్ఛికం. వేర్వేరు ప్రయోగాల్లో ఒకేలా రావడం అసాధ్యం. విచారణ సంఘం ముడి డేటా అడిగితే, కంప్యూటర్‌లో చోటు చాలక చెరిపేశానన్నాడు. ల్యాబ్ నోట్‌బుక్‌లూ లేవు. 24 ఆరోపణల్లో 16 రుజువయ్యాయి, ఉద్యోగం పోయింది. థీసిస్‌లో మోసమేదీ బయటపడకపోయినా, 2004లో కోన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయం డాక్టరేట్‌ను కూడా వెనక్కి తీసుకుంది.

ఈ ఎథిక్స్ పేపర్‌లో ఫిలాసఫీ కూడా ఉంటుంది, అదెందుకని చాలామంది అడుగుతారు. తప్పని తేలే అవకాశమే లేని సిద్ధాంతం శాస్త్రం కాదన్నాడు తత్వవేత్త కార్ల్ పాపర్. ఆ మాటను మీ సినాప్సిస్‌కు అన్వయించి చూడండి. ‘ఏ ఫలితం వస్తే నా పరికల్పన తప్పని ఒప్పుకుంటాను?’ డేటా సేకరణ మొదలుపెట్టక ముందే దీనికి జవాబు రాసి, తేదీ వేయండి. రేపు పది రీడింగుల్లో ఏడోది పక్కకు పోయిందనుకోండి, దాన్ని గుట్టుగా తీసేయాలని చెయ్యి లాగుతుంది. ముందే రాసుకున్న ఆ జవాబే చెయ్యి పట్టుకుని ఆపుతుంది. తీసేయక తప్పదంటే కారణం రాయండి. కొట్టివేత ఒక్క గీతతోనే ఉండాలి, కింది అంకె కనబడాలి. పేజీ చింపకండి.

ఈ అలవాటు ఉద్యోగంలోనూ అక్కరకొస్తుంది. హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో ‘డేటా ఇంటెగ్రిటీ’ మాట రోజూ వినిపిస్తుంది. ఎవరు రాశారో తెలియాలి, చదవడానికి వీలుండాలి, పని జరుగుతున్నప్పుడే రాయాలి, అసలు ప్రతి ఉండాలి, అంకె కచ్చితంగా ఉండాలి. వీటినే అక్కడ ‘ఆల్కోవా’ అంటారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలకు వచ్చినప్పుడు చూసేవాటిలో ఇవీ ఉంటాయి.

ఇక ప్లేజియరిజం. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం లోపైతే జరిమానా లేదు. 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి, 60 దాకా ఉంటే ఏడాదిపాటు సమర్పించే వీలుండదు, అది కూడా దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అయితే సాఫ్ట్‌వేర్ మాటల పోలికనే పట్టుకుంటుంది. కల్పించిన అంకె దానికి అందదు. 9 శాతం వచ్చిందని నిశ్చింతగా ఉండకండి.

పేపర్ మీద ఎవరి పేరు ఉండాలో గైడ్‌తో మొదట్లోనే మాట్లాడుకోండి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు హార్వర్డ్‌లో పీహెచ్‌డీ వచ్చింది 1930లో. కానీ ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్క్-సుబ్బారావ్ పద్ధతి పట్టా రాకముందే, 1925 నాటికే, ఆయన పేరుతో అచ్చయింది. పని చేసినవారి పేరు ఉండాలి, చేయనివారి పేరు ఉండకూడదు. అడగడానికి మొహమాటపడకండి.

ఈ వారమే పేజీలకు నంబర్లు వేసి ఉన్న గట్టి అట్ట నోట్‌బుక్ ఒకటి కొనండి. మొదటి పేజీలో పాపర్ ప్రశ్నకు మీ జవాబు పెన్నుతో రాసి, కింద తేదీ వేసి, మీ గైడ్‌కు చూపించండి.