‘తెలీదు’ అనగలిగే ధైర్యం

భర్తృహరి నీతిశతకంలో మదపుటేనుగు పోలికతో ఒక పద్యం ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగులో దాన్ని కంఠతా పట్టినవాళ్లు మనలో ఎందరో. ఏదో కాస్త తెలిసిన రోజుల్లో అన్నీ నాకే తెలుసని ఏనుగులా మదించి తిరిగాననీ, పండితుల దగ్గర కొద్దికొద్దిగా నేర్చుకున్నాక నాకేమీ తెలియదని అర్థమై ఆ గర్వం పోయిందనీ దాని భావం. బడిలో అది మార్కుల కోసం చదివిన పద్యం. రోజూ హైదరాబాద్‌లో రాయదుర్గం మెట్రో దిగి మైండ్‌స్పేస్ వైపు నడిచే నాకు ఇప్పుడది మా ఐటీ ఉద్యోగాల గురించే చెప్పినట్టుంటుంది.

1998లో సైబర్ టవర్స్ మొదలైననాటి నుంచి ఈ దారిలో ఎన్ని టెక్నాలజీలు వచ్చాయో, ఎన్ని వెళ్లిపోయాయో! నిన్న నేర్చింది రేపటికి పాతబడే చోట, తెలియదని ఒప్పుకుంటే వెనకబడిపోతామన్న భయం సహజం. అందుకే స్టేటస్ కాల్‌లో ప్రతి ప్రశ్నకూ ఏదో ఒక జవాబు చెప్పేస్తుంటాం. అడిగిందే తడవుగా కోడ్ రాసిపెట్టే ఏఐ చేతికొచ్చాక ఆ తొందర ఇంకా పెరిగింది.

ఒక రిలీజ్ రాత్రి నాకు బాగా గుర్తు. ప్రొడక్షన్‌లో పేమెంట్ పేజీ నెమ్మదించింది. కాల్‌లో ఇరవైమంది ఉన్నారు. కొత్తగా చేరిన కుర్రాడు “డేటాబేసే మేడమ్, రీస్టార్ట్ చేసేద్దాం” అన్నాడు. అందరికంటే అనుభవమున్న ఆవిడ మాత్రం “నాకింకా తెలీదు. పది నిమిషాలు లాగ్స్ చూడనివ్వండి” అన్నారు. అంత అనుభవం ఉండి అంతమంది ముందు ఆ మాట అనడానికి ఎంత నిబ్బరం కావాలి! చూస్తే డేటాబేస్‌లో ఏ లోపమూ లేదు. కొత్త కోడ్ ఒకే వివరం కోసం బయటి సర్వీసును మళ్లీమళ్లీ పిలుస్తోంది. రోల్‌బ్యాక్ చేశారు, పేజీ కుదుటపడింది. తర్వాత ఆవిడ ఆ కుర్రాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, లాగ్‌లో ఏ వరుస చూసి అనుమానం వచ్చిందో స్క్రీన్ మీద వేలుపెట్టి చూపించారు. ఒక్క మాట కూడా దెప్పలేదు.

ఆ పద్యంలో నన్ను పట్టి ఆపేది ఇదే. గర్వం పోయింది వయసు పైబడినందుకు కాదు, తెలిసినవాళ్ల దగ్గర కూర్చున్నందుకు. ఏళ్లు గడిస్తే పరిణతి దానంతటదే వస్తుందని మనం అనుకుంటాం. పదేళ్ల అనుభవాన్ని రెజ్యూమెలో రాసుకోవచ్చు. కానీ మన కోడ్‌ను మనకంటే బాగా తెలిసినవాళ్లు చదివి తప్పులు చూపించినప్పుడు వాటిని ఓపిగ్గా వినడం ఆ పదేళ్లలో అలవాటైందా?

సంస్కృత మూలంలో గర్వం జ్వరంలా దిగిపోయిందంటాడు భర్తృహరి. జ్వరం తిరగబెడుతుంది కూడా. లీడ్ అయినప్పుడు, ఆర్కిటెక్ట్ అయినప్పుడు, మన మాటకు ఎదురుచెప్పేవాళ్లు తగ్గుతున్నకొద్దీ అది మళ్లీ వస్తుంది. అందుకే కోడ్ రివ్యూలో నాకంటే చిన్నవాళ్ల అభిప్రాయాన్ని ముందు అడుగుతాను. వాళ్లు చెప్పేవరకు నా మాట ఆపుకుంటాను. ఇంటికి పరిమితమై పనిచేసే రోజుల్లో ఇలా తప్పు చూపించేవాళ్ల సాంగత్యం దానంతటది దొరకదు, వెతుక్కోవాలి.

రేపు మీ స్టాండప్‌లో ఎవరైనా “నాకు తెలీదండీ” అంటే దయచేసి చిన్నబుచ్చకండి. ఆ పూట ఓ అరగంట వాళ్ల పక్కన కూర్చోండి.