కడుపులోని క్రిమియు కంపవాతమును

విద్యార్థులారా! మన కళుగుమలై చుట్టుపట్ల పల్లెలలో కొందరు పెద్దల చేయి, ఒడిలో ఊరక పెట్టుకొన్నప్పుడు సైతము వణకుచుండుట మీరు చూచియే యుందురు. వారి అడుగులు చిన్నవగును, ఒడలు బిగియును, ముఖమున చిరునవ్వు తోపదు. ఇంటివారు దీనిని ముసలితనమనియో, దిష్టియనియో తలచి యూరకుందురు. వణకు పుట్టుటకు కారణములు పెక్కు గలవు. వానిలో నొకటి కంపవాతము. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీని లక్షణములను ఒక చిన్న గ్రంథమున వివరించుటచే దీనికి పార్కిన్సన్ వ్యాధి యను పేరు వచ్చినది.

మెదడు నడుమ నుండు కొన్ని నాడీకణములు డోపమిన్ అను పదార్థమును తయారు చేయును. మన కదలికలు సాఫీగా సాగుటకు అది యవసరము. ఆ కణములు క్రమముగా నశించుటచే ఈ వ్యాధి లక్షణములు పొడసూపును. డోపమిన్ లోటు తీర్చుటకు వైద్యులు లీవోడోపా అను మందు నిత్తురు. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు చెందిన దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు ఈ పదార్థమును దూలగొండి గింజలనుండి వేరుచేసి చూపిరి. మన పొరుగు తమిళులు పూనైక్కాలి యనునది ఈ తీగెయే. అయినను ఆ గింజలను ఇంట నూరి మ్రింగరాదు. తగిన మోతాదును వైద్యుడే నిర్ణయింపవలెను.

ఇక కడుపు మాటకు వత్తము. పెక్కురు రోగులకు వణకు రాకమునుపే, కొన్ని యేండ్ల ముందుగానే, మలబద్ధము కలుగుచుండును. ఈ వ్యాధి ప్రేగులలో ఆరంభమై నాడీమార్గమున మెదడునకు ప్రాకవచ్చునని జర్మనీ శాస్త్రజ్ఞుడు హైకో బ్రాక్, ఆయన తోడివారు 2003లో సూచించిరి. అందుచే కడుపులోని క్రిములపై పరిశోధకుల దృష్టి పడినది.

ఆమ్లముతో నిండిన జీర్ణకోశమున క్రిమి బ్రతుకజాలదని వైద్యులు చిరకాలము నమ్మిరి. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనువారు 1982లో హెలికోబాక్టర్ పైలోరీ అను క్రిమిని రోగుల కడుపునుండి తీసి పెంచి చూపిరి. 1984లో మార్షల్ దానిని తానే త్రాగి జీర్ణకోశమున వాపు తెచ్చుకొనెను. 2005లో ఇరువురికిని నోబెల్ బహుమానము లభించెను. ఈ క్రిమికి జ్ఞాతి యొకటి గలదు. దాని పేరు హెలికోబాక్టర్ సూయిస్. దాని నివాసము పంది కడుపు. అప్పుడప్పుడు మనుష్యుల కడుపునకును చేరును. బెల్జియము, ఇంగ్లండు పరిశోధకులు పార్కిన్సన్ రోగుల జీర్ణకోశపు పొరను పరీక్షించి, ఇతరులకంటె వీరిలో ఈ క్రిమి జాడ ఎక్కువగా నున్నదని 2013లో ప్రకటించిరి.

ఇచ్చట నాగి యాలోచింపవలెను. రెండు విషయములు ఒకచోట కనబడినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణమనరాదు. క్రిమియే వ్యాధిని తెచ్చెనా? వ్యాధిచే మందగించిన కడుపులో క్రిమి చోటు చేసికొనెనా? లేక రెంటికిని మూడవ కారణ మేదేని కలదా? క్రిమిని తొలగించి చూచుట దీనిని తేల్చు మార్గములలో నొకటి. పైలోరీ విషయమున మలేషియా వైద్యులు అట్లే చేసిరి. కొందరు రోగులకు క్రిమిని చంపు మందును, కొందరికి మందు లేని మాత్రలను ఇచ్చి పోల్చిరి. క్రిమిని తొలగించినను రోగుల కదలికలలో మెరుగు కానరాలేదని 2020లో వెల్లడించిరి. ఒక క్రిమికి వచ్చిన ఫలితమును దాని జ్ఞాతికి అంటగట్టరాదు. కాని తొందరపడి నిర్ణయింపరాదని ఇది మనకు నేర్పుచున్నది.

కావున ఈ సంగతి చదివి, పందులు పెంచువారిని చూచి ముక్కు మూసికొనుట అన్యాయము. పంది యెన్నడును అడుగిడని యిండ్లలోను ఈ వ్యాధి కలదు. మందులంగడిలో క్రిమిమందు కొని మ్రింగుటయు, వైద్యుడిచ్చిన మాత్రలను మానుటయు హానికరములు. పశువులను ముట్టిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనుట, మాంసమును చక్కగా ఉడికించుట, నీటిని కాచి త్రాగుట మనము చేయదగిన పనులు.

మీ యింట తాతకో అవ్వకో చేయి వణకుచున్నచో, వారిని కోవిల్పట్టి ప్రభుత్వ వైద్యశాలకు తీసికొనిపోవుడని మీ తలిదండ్రులతో చెప్పుడు. ఇంట తెలుగులో చెప్పుకొను బాధను వైద్యుని యెదుట తమిళమున పూర్తిగా చెప్పుటకు పెద్దలు బిడియపడుదురు. వణకు ఏ చేతిలో, ఎన్నడు మొదలైనదో, మలబద్ధము ఎన్నాళ్లనుండి యున్నదో అడిగి, తమిళమున కాగితముపై వ్రాసి యిండు. మీరు నేర్చిన రెండు భాషలును ఆనాడు మీ యింటికి అక్కరకు వచ్చును.