పోగొట్టుకున్న చోట వెతకకండి

సమస్య

న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పుడు సంక్రాంతి సెలవుల్లో మేనమామల పక్కన కూర్చుని రమ్మీ నేర్చుకున్నాను. ఇక్కడికొచ్చాక స్నేహితుల వల్ల పోకర్ అలవాటైంది. శనివారాలు అట్లాంటిక్ సిటీ వెళ్లి 1-3 డాలర్ల తప్పనిసరి పందేల టేబుల్ మీద ఆడేవాణ్ణి. ఆటకని విడిగా పెట్టుకున్న డబ్బు, గెలుపుతో కలిపి, ఏడాదిలో 6,000 డాలర్లయింది.

వేసవి నుంచి టైమ్ బాగాలేదు. నా చేతిలో రెండు ఆసులు, అవతలివాడి చేతిలో రెండు రాజులు. డబ్బంతా మధ్యలో పడ్డాక చివరి ముక్క రాజు! ఇలాంటి దెబ్బలకే 1,500 పోయాయి. పోయినచోటే వెతుక్కోవాలంటారు కదా అని అంతకన్నా పెద్ద పందేల 2-5 టేబుల్‌కి మారాను. అక్కడ ఇంకో 5,500 వదిలాయి. మధ్యలో, విజయవాడలో స్థలం కొందామని మా ఆవిడా నేనూ కూడబెడుతున్న డబ్బులోంచి 4,000 తీశాను. తనకు తెలీదు. చేతిలో 3,000 మిగిలాయి.

రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది. పోకర్‌కి అంతకన్నా తెలివి కావాలి. నాకు ఆట వచ్చు. ఈ మూడు వేలతో ఎలా ఆడితే కోలుకుంటాను?

- ఒక పాఠకుడు, ఎడిసన్

సలహా

ముందు లెక్క సరిచేద్దాం. మీ చేతిలో మూడు వేలున్నాయి, స్థలం డబ్బుకి మీరు నాలుగు వేలు బాకీ. అంటే ఆటకని మీ దగ్గర పైసా లేదు, పైగా వెయ్యి అప్పు. కాబట్టి మూడు వేలతో ఎలా ఆడాలన్న ప్రశ్నే లేదు. ఆ మూడు వేలూ తిరిగి ఆ ఖాతాలో వేయండి. మిగతా వెయ్యి జీతంలోంచి సర్దండి. మీ ఆవిడకి ఈ వారంలోనే చెప్పండి. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి ఆవిడే అడిగితే, అప్పుడు గొడవ డబ్బు గురించి ఉండదు, దాచినందుకు ఉంటుంది.

ఇక ఆట సంగతి. ముక్కలు పంచగానే రెండు ఆసులకీ రెండు రాజులకీ పోటీ పడితే ఆసులు గెలిచేది నూటికి 82 సార్లు. దాదాపు అయిదింట ఒకసారి ఓడాల్సిందే. సుప్రీంకోర్టు 1967లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే రమ్మీని నైపుణ్యపు ఆటగా చెప్పిన మాట నిజమే. కానీ నైపుణ్యం నెలజీతంలా చేతికి రాదు. గంటకి సగటున 15 డాలర్లు గెలిచే మంచి ఆటగాడే 1-3 టేబుల్ మీద వంద గంటలు కూర్చున్నాడనుకోండి. ఆ టేబుల్‌కి మామూలుగా ఉండే ఎగుడుదిగుళ్లతో లెక్కేస్తే, ఆరుగురిలో ఒకరు నష్టంతోనే లేస్తారు. శనివారం మాత్రమే ఆడేవారికి వంద గంటలంటే నెలల తరబడి ఆట.

అందుకే మీ మొదటి 1,500 గురించి నేను కంగారు పడను. బై-ఇన్, అంటే టేబుల్ దగ్గర కూర్చునేటప్పుడు పెట్టే డబ్బు, 300 లెక్కన అవి అయిదు బై-ఇన్‌లు, గెలిచేవాళ్లకీ పోతుంటాయి. నన్ను కంగారు పెట్టేది తరవాతి 5,500. ఓడుతున్నప్పుడు పందెం తగ్గించాల్సింది పోయి పెంచారు, అదీ మీకన్నా గట్టివాళ్లు కూర్చునే చోట. జేబులోంచి జారిన ఉంగరమైతే పడిన చోటే ఉంటుంది. పోకర్‌లో పోయిన డబ్బు ఆ రాత్రే ఇంకొకరి కారెక్కి వెళ్లిపోయింది.

వరస ఓటమి మనిషి ఆటని ఎలా మారుస్తుందో చూడండి. చేతిలో ఆసు, రాజు. ఫ్లాప్ మీద, అంటే బల్ల మీద తెరిచిన మొదటి మూడు ముక్కల్లో, ఆసు, తొమ్మిది, నాలుగు. సాయంత్రం నుంచీ కాల్ అనడం (ఎదుటి పందేనికి సరిపడా పెట్టడం) తప్ప ఇంకో మాట ఎరగని పెద్దాయన మీ పందేనికి కాల్ అన్నాడు. టర్న్‌లో (నాలుగో ముక్క తెరిచాక) మీరు మళ్లీ పందెం కాస్తే మూడింతలు రెయిజ్ చేశాడు. గెలుస్తున్న రోజుల్లో, ఇలాంటాయన పెంచాడంటే చేయి గట్టిదే అని మీరు ఆసుల జత పడేసి కాఫీ తాగుతారు. ఓడుతున్న రోజున "నా దగ్గరా వీడి బెదిరింపులు" అని డబ్బు తోస్తారు. ఆయన మూడు తొమ్మిదులు తిప్పుతాడు. దీన్ని దురదృష్టం కింద రాసుకోకూడదు.

స్థలం డబ్బు పూడి, ఇంట్లో మాటయ్యాక కూడా ఆడాలనిపిస్తే, పూర్తిగా పోయినా ఇంటి ఖర్చు కదలని డబ్బు నెలనెలా కొంచెం పక్కన పెట్టండి. కనీసం 20 బై-ఇన్‌లు, అంటే 6,000 పోగయ్యాకే 1-3 టేబుల్. 2-5 కావాలంటే 500 చొప్పున 30 బై-ఇన్‌లు, 15,000 ఉండాలి. తగ్గితే వెంటనే కింది టేబుల్‌కి దిగండి. ఒక రాత్రికి రెండు బై-ఇన్‌లు పోతే లేచి రండి. బ్యాంకు కార్డు ఇంట్లో వదిలి వెళ్లండి. ముందుగా ఆడాల్సిన సీట్లలో తక్కువ చేతులు ఆడండి, ప్రతిదానికీ కాల్ అనేవాళ్ల మీద బ్లఫ్ మానేయండి.

ఆడిన గంటలు, పెట్టింది, తెచ్చింది ఒక పుస్తకంలో రాయండి. పెద్ద చేతులు ఓడినప్పుడు, డబ్బు పెట్టేసరికి మీరు ముందున్నారా వెనకున్నారా అన్నది కూడా రాస్తే, ఎంత అదృష్టమో ఎంత తప్పో కొన్నాళ్లకి మీకే తెలుస్తుంది. పన్నుకీ ఆ లెక్కే ఆధారం. 2026 నుంచి అమెరికాలో, గెలుపులోంచి మినహాయించుకోవడానికి నష్టాల్లో 90 శాతమే పనికొస్తుంది.

ఆడొద్దన్న మాట చదవగానే "ఫలానా స్నేహితుణ్ణి అడిగితే ఓ రెండు వేలిస్తాడు" అనే ఆలోచన వచ్చిందా? వచ్చి ఉంటే ఇది ఆట మార్చుకుంటే తీరే సమస్య కాదు. 1-800-426-2537కి ఫోన్ చేయండి, జూదం అలవాటు మీద సాయం చేసే నంబరది. నన్ను లోపలికి రానివ్వద్దని కాసినోలకి మీరే రాసిచ్చే జాబితా కూడా న్యూజెర్సీలో ఉంది, ఏడాదికైనా అయిదేళ్లకైనా పేరు ఇవ్వొచ్చు. ఆ పని ముందు చేయండి.