అర్థం కాకపోతే విశ్వాసం లేనట్టా?

రా చెల్లీ, కూర్చో. ముందు టీ తాగు. నీ దిగులేమిటో నాకు తెలుసులే. ఆదివారం మందిరంలో అందరూ కన్నీళ్లతో ఆరాధిస్తుంటే మనకు లోపల ఏమీ కదలదు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడే ఎలా అవుతారో ఎన్ని ప్రసంగాలు విన్నా అంతుపట్టదు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే వాన మన అనంతపురానిది. ఇన్ని ఉపవాస ప్రార్థనలు చేసినా ఆ కాస్తా ఎందుకు ముఖం చాటేస్తుంది? ఈ మాట పైకి అంటే విశ్వాసం లేదంటారేమోనని మింగేస్తాం, కదూ?

ముందు ఆ భయం వదిలెయ్. అడగడం అవిశ్వాసం కాదు. యోబు ఎంత నిలదీశాడని! చివరికి దేవుడు మందలించింది అన్నిటికీ జవాబులు చెప్పిన అతని స్నేహితుల్ని. యోబే తన గురించి సరిగా మాట్లాడాడన్నాడు. చూస్తేగాని నమ్మనన్న తోమాకూ ప్రభువు గాయాలు చూపించాడే గాని తలుపు వెయ్యలేదు. మరి నిన్నెందుకు తోసేస్తాడు?

"అయినా ఏమీ తెలియకుండా ఎంతకాలమక్కా?" అంటావు. మార్కు సువార్త 4వ అధ్యాయం తియ్యి. విత్తనం చల్లిన రైతు పడుకుంటాడు, లేస్తాడు. అది ఎలా మొలిచిందో అతనికి తెలియదు, అయినా పంట వస్తుంది. మన శనక్కాయ చేనూ అంతే కదా! పసుప్పచ్చని పువ్వు పైన పూస్తుంది, ఊడ మట్టిలోకి దిగుతుంది, కాయ మన కంటికి కనిపించకుండా ఊరుతుంది. ఊరిందా లేదా అని రోజూ పీకి చూస్తామా? దేవుని మర్మాన్నీ అలా పెరగనిద్దాం. అది పరీక్షలో రాయాల్సిన జవాబు కాదమ్మా, ఆయనతో ఉంటూ ఉంటూ తెలిసేది.

ఉండడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అనుకోకు. ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ గారినే చూడు. ఆయన స్పెయిన్ నుంచి వచ్చిన యేసుసభ గురువు. 1969లో మన అనంతపురం చేరారు. మరుసటి ఏడాది ఆ సభను విడిచి ఆన్ గారిని పెళ్లి చేసుకున్నారు. అంతటితో సేవ ఆగిందా? 2009లో కన్నుమూసేదాకా తన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సంస్థతో పేదలకు నీళ్లు, ఇళ్లు, బడులు, వైద్యం అంటూ ఇక్కడే గడిపారు. బత్తలపల్లిలో ఆ సంస్థ ఆసుపత్రి ముందు నుంచి వెళ్తే ఒక్కసారి ఆలోచించు. ఆకలిగొన్నవాడికి పెట్టింది, రోగిని చూడబోయింది తనకే చేసినట్టని ప్రభువు మత్తయి 25లో చెప్పాడు. పేదవాడి ముఖంలో ఆయన ఉండడం కన్నా పెద్ద మర్మం ఏముంది? అది చేసినకొద్దీ తెలుస్తుంది.

ఇక నీ పని చెబుతా, వింటావు కదూ? మార్కు సువార్త 16 అధ్యాయాలే. రోజుకొకటి, పొయ్యి వెలిగించకముందే చదువు. ఫోన్ పక్క గదిలో పెట్టు. అర్థం కానిది నోటుబుక్కులో రాసుకుని, చదివాక కాసేపు మాటల్లేకుండా ఆయన ముందు కూర్చో. మనసు ఎండిపోయినట్టుంటే 63వ కీర్తన తియ్యి. యూదా అరణ్యంలో దావీదు చేసిన ప్రార్థన అది, నీళ్లులేని నేల సంగతి అతనికీ తెలుసు. ఏడుపు రాలేదని బెంగపడకు, ప్రార్థనకు కన్నీళ్లు కొలత కాదు.

వారానికొకసారి ఒంటరిగా ఉన్న పెద్దావిడ ఇంటికి పోయి, ఆమె చెప్పేది ఓపిగ్గా విను. వచ్చే స్త్రీల కూడికలో నోటుబుక్కులోంచి ఒక్క ప్రశ్న పైకి అడుగు. పాస్టరమ్మగారు కోప్పడరు, కలిసి వెతుకుదాం అంటారు. నువ్వు నోరు తెరిస్తే వెనక వరుసలో మనలాగే మింగేసుకుంటున్న ఇంకో చెల్లికీ ధైర్యం వస్తుంది. అందుకైనా అడగాలి, సరేనా?