వైద్యుడు అడుగవలసిన ప్రశ్న

పఠనము: మార్కు 9:17-27; మార్కు 5:25-34; యోబు 2:11-13; 4:7-8



నేలబడి పొర్లాడు కుమారుని ఒక తండ్రి ప్రభువునొద్దకు తెచ్చెను. స్వస్థపరచుటకు ముందు ప్రభువు, ఈ బాధ ఎంతకాలమునుండి కలదని ఆ తండ్రిని అడిగెను. పండ్రెండేండ్లు వైద్యులచుట్టు తిరిగి, కలిగినదంతయు వ్యయపరచిన స్త్రీ రహస్యముగా ఆయన వస్త్రము ముట్టి బాగుపడెను. అయినను ఆమె తన సంగతియంతయు చెప్పుకొనువరకు ఆయన ముందుకు సాగలేదు. సమస్తము ఎరిగిన ప్రభువే అడిగి వినెను. మన మెంత?

1. పనిని గూర్చి అడుగుట. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో పనివారి వ్యాధులను గూర్చి గ్రంథము ప్రకటించెను. పూర్వపు గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు నేర్పిన ప్రశ్నలకు ఆయన మరియొకటి చేర్చెను: నీవు చేయు పని యేమి? గోదావరిఖనిలో ఈ ప్రశ్న విలువ మనకు తెలియును. ఏండ్లతరబడి బాయి దిగి పీల్చిన బొగ్గుధూళి ఊపిరితిత్తులలో నిలిచి మచ్చలు కట్టును. పని విడిచిన పిమ్మటకూడ ఆయాసము ముదురవచ్చును. ముసలితనపు దగ్గని యింటివారును, క్షయయని యితరులును పొరబడవచ్చును. ఎక్సురే మచ్చను చూపును. అది ఎట్లు వచ్చెనో తెలియుటకు ఆ మనిషి బ్రదుకు కథ వినవలెను.

2. కూర్చుండి వినుట. పనివాని యింట ముక్కాలిపీటయైనను సరే, దానిమీద కూర్చుండి తొందరపడక మాటలాడవలెనని రామజ్జీని వైద్యులకు చెప్పెను. యోబు స్నేహితులును ఏడు దినములు అతనితో నేలమీద కూర్చుండిరి.

3. తీర్పు తీర్చకుండుట. తరువాత వారు నోరు తెరచి, నీ పాపమే నీ బాధకు మూలమనిరి. అక్కడనే తప్పిపోయిరి. దగ్గువానిని చూచి, త్రాగుడే కారణమని వెంటనే అనువారము మనలో లేమా?

వైద్యవిద్యలో శరీరశాస్త్రము చాలదని పెద్దలు గ్రహించిరి. మన దేశపు వైద్యకళాశాలలలో 2019నుండి రోగితో మాటలాడు విధము, నీతి, ప్రవర్తన పాఠములుగా చేర్చబడెను. రామగుండములోను 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమాయెను. అక్కడ చదువు పిల్లలు మన కార్మికుల కథలు వినుట నేర్చుకొందురుగాక.

మనమును ఈ మాసములో ఆయాసపడు ఒక పెద్దయ్య యింటికి పోయి కూర్చుందము. మందు మనచేత లేదు. వినుట మనచేత నున్నది. ఆయన ఏ బాయిలో, ఏ పని, ఎన్నియేండ్లు చేసెనో అడిగి కాగితముమీద వ్రాసి యిచ్చెదము. డాక్టరునొద్దకు పోవునప్పుడు అది ఆయనకు ఉపయోగపడును.

ఆలోచించుడి: మీ యింటి రోగి చెప్పుకొనగోరి, ఎవరును అడుగనందున చెప్పని సంగతి యేది?